బానెట్ ఎత్తితే పాపమా?

మా వీధి మగవాళ్ళకి ఒక బలహీనత వుంది. ఎవరి కారు బానెట్ పైకి లేచినా సరే, పిలవని పేరంటంలా చుట్టూ చేరిపోతారు. లుంగీ ఎగ్గట్టుకున్న ఎదురింటాయన "కాయిల్ పోయుంటుంది" అంటాడు. పేపరు చంకలో పెట్టుకున్న రిటైర్డు హెడ్మాస్టారు "కార్బొరేటర్లో చెత్తండీ, సందేహం లేదు" అంటారు. జన్మలో కారు నడిపి ఎరగని కుర్రాడొకడు "ఇంజనే అవుటంకుల్" అని తేల్చేస్తాడు. ఇంతమందిలో ఒక్కడైనా, "ఎప్పుడాగింది? ఎలా ఆగింది? ఆగేముందు ఏం చేసింది?" అని ఆ కారు నడుపుతూ వచ్చిన మనిషిని అడుగుతాడేమో అని చూస్తూ వుంటాను. అడగడు. ఆ మనిషి చీర కట్టుకుని వుంటే అసలే అడగడు. పైపెచ్చు "మీరు కొంచెం పక్కకి తప్పుకోండమ్మా, చీరకి గ్రీజంటుకుంటుంది" అంటాడు. నా చీర మీద వీళ్ళకెంత అభిమానమో!

ఆ నడిపే మనిషిని నేనే. కారు మా మామగారిది, 1978 నాటి ప్రీమియర్ పద్మిని. ఇటలీ వాళ్ళ ఫియట్ 1100 ని బొంబాయి కుర్లాలో తయారుచేస్తూ, తరవాత రాణి పద్మిని పేరు పెట్టుకున్నారే, అదన్నమాట. 1089 సి.సి.ల చిన్న ఇంజను, నాలుగు సిలిండర్లు, స్టీరింగు పక్కనే గేరు. బొంబాయి నల్ల-పసుపు టాక్సీలుగా తిరిగిన బళ్ళు కూడా 2023 అక్టోబరు ఆఖరుతో రోడ్డెక్కడం మానేశాయిగాని, మాది మాత్రం రాజమండ్రిలో ఇంకా నిక్షేపంలా వుంది. మావారికి కళ్ళ ఆపరేషనైన దగ్గర్నించి స్టీరింగు నా చేతికొచ్చింది. గోదావరికి అవతల కొవ్వూరులో మా అమ్మ ఒక్కతే వుంటోంది. ఎనభై దాటిన మనిషి, ఇల్లు వదిలి రానంటుంది. ప్రతి గురువారం వెళ్ళి, మందులూ కూరలూ ఇచ్చి, సాయంత్రానికి వస్తాను. అంచేత ఈ కారు నాకు షోకు కాదు. అది ఆగిపోతే నేను ఎవర్నో ఒకర్ని బతిమాలుకోవాలి. బతిమాలుకుని పుట్టింటికి వెళ్ళడం ఎలా వుంటుందో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

సరే, 2018 ఏప్రిల్లో అది ఆగడం మొదలెట్టింది. మొదటిసారి రోడ్డు-కం-రైలు వంతెన మీద. కింద గోదావరి, వెనకాల లారీ హారన్లు, వెనక సీట్లో కంటి డాక్టరు దగ్గరికి తీసుకొస్తున్న మా అమ్మ. కారు ఒక్కసారిగా ఆగలేదు. ముందు యాక్సిలరేటరు నొక్కుతూంటే బరువుగా మూలిగింది, రెండు మూడు కుదుపులు కుదిపింది, ఆ తరవాత ప్రాణం పోయినట్టు ఆగింది. పావుగంట తరవాత ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఈ వివరాలన్నీ నాకు తెలుసు. ఎవరైనా అడిగితే చెప్పేదాన్ని.

షెడ్డతను మావారితో చెప్పాడు: "వేపర్ లాక్ సార్. ఎండలు కదా." ఆ మాట అబద్ధం కాదు, అలాంటి జబ్బు నిజంగానే వుంది. ఎండకీ ఇంజను వేడికీ పైపులో పెట్రోలు ఆవిరైపోతే, పంపు ఆ ఆవిరితో ఉత్తినే కొట్టుకుంటుంది, కార్బొరేటరుకి చుక్క అందదు. అంబాసిడర్లూ ఫియట్లూ తిరిగిన రోజుల్లో వేసవికాలం డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసుకునేవారు. నేనూ వేశాను. పావుగంటకి బండి కదిలింది. "చూశారా సార్!" అన్నాడతను. మేమందరం తడిగుడ్డకి దణ్ణం పెట్టాం.

కాని తడిగుడ్డ వెయ్యకపోయినా ఆ పావుగంటకి బండి కదిలేదే! ఆ మాట నాకు జూన్‌లోనే తట్టింది. ఒకరోజు గుడ్డ ఇంట్లో మర్చిపోయాను. అయినా స్టార్టయింది. ఏదో ఒకటి చేశాక నయమైందంటే, చేసినదానివల్లే నయమైందని నమ్మేస్తాం. జలుబుకి మా ఇంట్లో ఎన్ని వైద్యాలున్నాయో, అవన్నీ వారం రోజుల్లో పనిచేసేవే! సరే, వర్షాలొచ్చాయి, ఆగింది. కార్తీకమాసం చలిలో ఆగింది. అప్పుడైనా "ఎండ కాదేమో" అని అనుకోవాలా వద్దా? అనుకోలేదు. కాయిల్ మార్చాడు. పాయింట్లు, కండెన్సర్ మార్చాడు. ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు పంపు కొత్తది వేశాడు. ప్రతి మార్పుకీ బిల్లు, ప్రతి బిల్లుకీ "ఇంక చూసుకోనక్కర్లేదు సార్" అన్న హామీ. పద్నాలుగువేల పైచిలుకు అలా వదిలాక, షెడ్డు చుట్టూ నాలుగు చక్కర్లు కొట్టి, "బండి బ్రహ్మాండంగా వుంది సార్, మేడమ్ గారు క్లచ్చి మీద కాలు పెట్టి నడుపుతున్నారేమో" అన్నాడు. చివరికి డిసెంబర్లో తీర్పు చెప్పేశాడు: ఇంజను విప్పాలి, బోరు చెయ్యాలి, అరవై అయిదువేలు. లేదా తుక్కుకి అమ్మెయ్యాలి.

నా దెబ్బలాటంతా ఇక్కడే. ఇంజను విప్పాలని దేన్నిబట్టి చెప్పాడు? రింగులూ బోరూ అరిగిపోయాయో లేదో తెలుసుకోడానికి పద్ధతుంది. ప్లగ్గులు తీసి ఆ కన్నంలో కంప్రెషన్ గేజి పెట్టి, నాలుగు సిలిండర్లలోనూ వత్తిడి ఎంతుందో చూస్తారు. నాలుగూ దగ్గరదగ్గరగా వుంటే సరే. ఒకదాంట్లో బాగా తగ్గితే, ఆ కన్నంలో ఒక చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ చూస్తారు. అంకె పెరిగితే రింగులు అరిగినట్టు, పెరక్కపోతే వాల్వులు మూసుకోవటం లేదన్నట్టు. చెంచాడు నూనెతో పోయే పరీక్ష! అది చెయ్యలేదు. పొగ రంగైనా చూడొచ్చు. నీలంగా వస్తే ఇంజనాయిలు కాలుతున్నట్టు, నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువైనట్టు, బండి వేడెక్కాక కూడా తెల్లగా దట్టంగా వస్తూంటే నీళ్ళు లోపలికి పోతున్నట్టు. మా బండికి ఏ పొగా లేదు. పీకిన ప్లగ్గుల మూతులైనా చూడొచ్చు. మంచి ఇంజను ప్లగ్గు లేత కాఫీ రంగులో వుంటుంది. మావీ అలాగే వున్నాయి, పారేస్తూంటే నేనే తెచ్చి దాచాను. ఏ సాక్ష్యమూ లేకుండా అరవై అయిదువేల శిక్ష! "కంప్రెషన్ చూశావా బాబూ?" అని అడిగాను. అతను నాకేసి చూడలేదు. "సార్, మేడమ్ గారు యూట్యూబ్ చూస్తున్నట్టున్నారు" అని నవ్వాడు. మావారూ నవ్వేరు. ఆ రెండో నవ్వు నేనింకా మర్చిపోలేదు.

నేను చూసింది యూట్యూబు కాదులెండి. మామగారి ట్రంకు పెట్టెలో పాత రిపేరు పుస్తకం దొరికింది. అట్ట చెదలు తినేసింది గాని లోపల బాగానే వుంది. పదిహేను రోజులు మధ్యాహ్నం పూట చదివాను. చదివాక నాకు కలిగింది గర్వం కాదు, కోపం. ఇంతేనా! ఇంత చిన్న సంగతినా ఇన్నాళ్ళూ బ్రహ్మవిద్యలాగా దాచుకున్నది? పెట్రోలు ఇంజనుకి కావలసినవి నాలుగు. పెట్రోలు, గాలి, సమయానికి నిప్పురవ్వ, లోపల వత్తిడి. ఆగిపోయిందంటే ఈ నాలుగింట్లో ఏదో ఒకటి అందలేదన్నమాట. ఏది అందలేదో ముందు తేల్చుకోవాలి, ఆ తరవాతే పానా పట్టుకోవాలి. అంతేగాని, అన్నం వుడకలేదని బియ్యం మార్చి, గిన్నె మార్చి, గట్టు మార్చి, ఆఖరికి వంటిల్లు పడగొట్టమంటే ఎలా? పొయ్యి వెలిగిందో లేదో చూడొద్దూ?

(ఆడవాళ్ళకి ఏది చెప్పినా వంటింటి పోలికతోనే చెప్పాలా అని మీలో కొందరు మూతి ముడుచుకుంటారు. నాకూ నచ్చదు. కాని ఈ కథలో వంటింటికి వేరే పాత్ర వుంది, కాస్త ఓపిక పట్టండి.)

ఒక గురువారం కొవ్వూరు పొలిమేరలో ఆగింది. మావారు పక్కనే వున్నారు. ఈసారి తడిగుడ్డ తియ్యలేదు. ఒక ప్లగ్గు విప్పి, దాని తీగె దానికే తగిలించి, ప్లగ్గు ఇనుప భాగం ఇంజనుకి ఆనేట్టు పడుకోబెట్టి, నేను దూరంగా జరిగి, "తాళం తిప్పండి" అన్నాను. టిక్కు టిక్కుమని నీలంగా, దృఢంగా నిప్పురవ్వ. పసుప్పచ్చగా నీరసంగా వస్తే కాయిలో కండెన్సరో అనుమానించాలి. ఇది నీలం. అంటే నిప్పు వుంది. తరవాత పంపుకి ముందర షెడ్డతనే పెట్టిన ప్లాస్టిక్కు ఫిల్టరు చూశాను. గాజులాగా లోపల కనపడుతుంది. ఖాళీ! టాంకు నిండా పెట్రోలు పోయించి గంట కాలేదు, ఫిల్టర్లో చుక్క లేదు. పెట్రోలు పంపుదాకానే రావటం లేదు. మరి కొత్త పంపు ఎందుకు కొనిపించినట్టు? కాయిల్ ఎందుకు? (వేడి ఇంజను మీద పెట్రోలు పైపు మాత్రం ఎవరూ విప్పకండి. ప్లగ్గు విప్పినప్పుడు కూడా దగ్గర్లో పెట్రోలు వాసన లేకుండా చూసుకోండి. తెలివి వుండటం వేరు, తొందర వేరు.)

అక్కడితో సగం తేలింది. పైపు మూసుకుపోయిందా అంటే, గాలి కొట్టించి చూశాం, శుభ్రంగా వుంది. ఇంకో విచిత్రం కూడా గమనించాను. బండి ఆగిపోతోందన్న భయంకొద్దీ నేను ప్రతి గురువారం టాంకు నిండా పోయించేదాన్ని. అలా పోయించిన రోజునే వంతెన మీద ఆగేది. డబ్బు చూసుకుని సగం టాంకుతో వెళ్ళిన రోజు హాయిగా వెళ్ళి వచ్చేసేది. షెడ్డులో రెండు లీటర్లతో చక్కర్లు కొట్టినప్పుడు ఆగమన్నా ఆగేది కాదు. నిండుగా వుంటే ఆగడం, ఖాళీగా వుంటే నడవడం! ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారని ఊరుకున్నాను. మనం ఊరుకునే మాటల్లోనే సగం నిజాలుంటాయి కాబోలు.

ఈలోగా మావారు తుక్కు కొనేవాడి దగ్గర అయిదువేలు బయానా పుచ్చుకున్నారు. సంక్రాంతి వెళ్ళాక బండి తీసుకెళ్తానన్నాడు. బెంగుళూరు నించి మా అబ్బాయి ఫోను చేసి "మంచి పని చేశారు నాన్నా, అమ్మకి క్యాబ్ యాప్ వేసిస్తాను" అన్నాడు. క్యాబు కొవ్వూరు వెళ్ళి, అక్కడ సాయంత్రందాకా మా అమ్మ కబుర్లు వింటూ కూచుంటుందా? సరే, ఎవరూ నన్నడగలేదు.

2019 సంక్రాంతికి అరిసెలు మొదలెట్టాం. పదిహేను కిలోల నూనె డబ్బా తెప్పించి, మూలగా ఒక కన్నం పొడిచి మూకుట్లోకి వంచాను. బుడుక్కు బుడుక్కుమని ఆగి ఆగి పడుతోంది. మా ఆడపడుచు విసుక్కుని, "అదేవిటి వదినా, రెండో కన్నం పొడవలేదేం? గాలి లోపలికి పోవద్దూ?" అంది. అవతలి మూల మేకు పెట్టి ఒక్కటి కొట్టింది. నూనె ధారగా పడింది.

నేను అరిసెలు వదిలేసి లేచాను.

అంతకుముందు ఏడాది మార్చి ఆఖర్లో పెట్రోలు బంకు కుర్రాడు మా టాంకు మూత ఎక్కడో పెట్టి మర్చిపోయాడు. దొరికిన మూత ఒకటి కొని బిగించాం. చాలా పాత బళ్ళలో టాంకులోకి గాలి వెళ్ళే దారి ఆ మూతలోనే వుంటుంది, సన్నటి రంధ్రంగా. పెట్రోలు తగ్గినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. కొత్త మూతకి ఆ రంధ్రం లేదు! పంపు పెట్రోలుని లాగుతూంటే లోపల గాలి పల్చబడి, టాంకు దాన్ని వెనక్కి లాగుతోంది. కాసేపు ఈ గుంజులాట, తరవాత పంపు ఓడిపోవడం. పావుగంట ఆగితే ఏ సందులోంచో కాస్త గాలి చేరి మళ్ళీ నడవడం. టాంకు నిండుగా వుంటే పైన గాలికి చోటే తక్కువ గనక తొందరగా పల్చబడిపోతుంది; సగం ఖాళీగా వుంటే ఆ గాలి చాలాసేపు సాగుతుంది. నేను నవ్వుతారని దాచుకున్న విచిత్రం ఇదన్నమాట.

మర్నాడు టాంకు నిండా పోయించి వంతెనకేసి పోనిచ్చాను. సరిగ్గా ఆగింది. ఆగినందుకు అంత సంతోషించిన మనిషి ఈ భూమ్మీద ఇంకోరుండరు. దిగి మూత తిప్పాను. పాము బుసకొట్టినట్టు "స్స్..." మని గాలి లోపలికి పోయింది. మూత వదులుగా పెట్టి స్టార్టు చేసి చూస్తే, రెండు తిప్పులకే అందుకుంది. తడిగుడ్డ లేదు, పావుగంట లేదు. అంతటితో నమ్మలేదు సుమండీ, మళ్ళీ మూత గట్టిగా బిగించి అంతే దూరం నడిపాను, ఆగింది, తీశాను, నడిచింది. రెండుసార్లు అలా చేశాక గాని మావారితో చెప్పలేదు. పాత బళ్ళ సామాన్ల కొట్లో రంధ్రమున్న మూత మూడువందల చిల్లరకి దొరికింది. బయానా అయిదువేలూ మావారి చేతే వాపసు ఇప్పించాను.

ఇక్కడ మెకానిక్కులందర్నీ తిట్టిపొయ్యటం నా ఉద్దేశం కాదు. మా మామగారి రోజుల్లో ఒక ముసలి మేస్త్రీ వచ్చేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకీ, ఇంకో కొస చెవికీ ఆనించుకుని వినేవాడు. అతను మా అత్తగార్ని కూడా అడిగేవాడు, "అమ్మా, పొద్దున్న స్టార్టు చేసినప్పుడు చప్పుడెలా వచ్చింది?" అని. ఆవిడకి కారు నడపడం రాదు, కాని చప్పుడు వినేది ఆవిడే గదా! ఆ అడగడం పోయింది. ఇప్పుడు అడక్కుండా మార్చేస్తున్నారు. డాక్టర్ల దగ్గరా ఇదే వరస. కడుపునొప్పి నాదైతే "ఎన్నాళ్ళనించి సార్?" అని మావార్ని అడుగుతారు.

"ఇప్పటి కార్లకి కార్బొరేటర్లే లేవు, కంప్యూటరు పెడితే తప్పెక్కడుందో చెప్పేస్తుంది, ఈ గొడవంతా ఎందుకు?" అంటాడు మా అబ్బాయి. కంప్యూటరు చెప్పేది ఫలానాచోట పెట్రోలు చాలలేదనో, గాలి ఎక్కువైందనో మాత్రమే. ఎందుకు చాలలేదో మనిషే వెతకాలి. అక్కడా వరస తెలియనివాడు సెన్సరు మీద సెన్సరు మారుస్తూనే వుంటాడు, ఒక్కోటి మా కాయిల్‌కి పదింతల ఖరీదు.

మగవాళ్ళని అన్నాను గనక మనల్ని కూడా ఒకమాట అనకపోతే న్యాయం కాదు. "నాకేం తెలుసు బాబూ, ఆయన్నడగండి" అన్న మాట మనకి ఊతపదమైపోయింది. అది వినయం అనుకుంటాం. 1888 లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కనిపెట్టిన మూడు చక్రాల మోటారు బండిని ఆయనతో చెప్పకుండా బయటికి తీసి, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మాన్‌హైమ్ నించి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి నూరు కిలోమీటర్ల పైన నడుపుకుంటూ వెళ్ళింది. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. తీగె ఒరుసుకుపోతే మేజోళ్ళ పట్టీ చుట్టింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొంది. కారులో దూరప్రయాణం చేసిన మొట్టమొదటి మనిషీ, దారిలో రిపేరు చేసుకున్న మొట్టమొదటి మనిషీ ఆడది, అదీ పుట్టింటికి వెళ్తూ! మన జడపిన్నులు ఆ టోపీ పిన్నుకి తీసిపోయాయా? ఒక్క ప్లగ్గు విప్పి దాని మూతి చూడండి. మీ బండికి నూనె ఎంత వుందో పుల్ల తీసి గుడ్డతో తుడిచి చూడండి. వేడి మీదున్న రేడియేటరు మూత మాత్రం ముట్టుకోకండి, ఆవిరి కక్కే కుక్కరు మూత మీరెప్పుడైనా లాగేరా? ముఖ్యంగా, బండి ఆగినప్పుడల్లా తారీకు, ఎంత దూరం నడిచాక, ఎండా వానా, టాంకులో ఎంతుందీ అన్నవి పాల లెక్క పుస్తకంలోనే వెనక పేజీలో రాసుకోండి. షెడ్డుకి వెళ్ళినప్పుడు ఆ పేజీ తీసి చదవండి. వినకపోతే ఇంకో షెడ్డుకి వెళ్ళండి.

మొన్నామధ్య పెట్రోలు బంకు దగ్గర ఆ షెడ్డతనే తారసపడ్డాడు. మా బండి చూసి ఆశ్చర్యపోయి, మావారి కిటికీ దగ్గరకొచ్చాడు.

"ఇంకా నడుస్తోందా సార్! బోరు చేయించారా?"

"లేదయ్యా. టాంకు మూత మార్చింది మా ఆవిడ. అంతే."

"మూతేమిటి సార్?"

"నన్నడుగుతావేం? అదుగో, స్టీరింగు ముందర కూచుంది, ఆవిడ్నే అడుగు."

అతను వంగి, మావారి మీదుగా నాకేసి చూసి, ఎంతో మర్యాదగా అడిగాడు: "మేడమ్ గారూ, సార్ బండిని ఏ షెడ్డుకి తీసికెళ్ళారండీ?"